నా చెంబుకు ఆగిన విమానాలు

మిర్యాలగూడకు ఏ దారిన వచ్చినా ఊరు కనబడకముందే ఉడికిన వడ్ల వాసన వస్తుంది. తడిసిన గోనెసంచులు, గంజి, ఊక పొగ కలిసిన ఆ వాసన మొన్న ఆదివారం బస్సు కిటికీలోంచి మొహాన కొట్టగానే, నాతోపాటు కోదాడ బడిలో పనిచేసే టీచరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఈ వాసనలో ఎలా ఉంటారండీ" అంది. అలవాటైపోతుంది అన్నాను. అబద్ధం. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ వాసన మధ్యనే, నా తొమ్మిదో ఏట, ఎక్కడో రష్యాలో తిరుగుతున్న ఒక విమాన కంపెనీని నేను మూసేయించానని మా ఇంట్లో పెద్దలు తీర్పు చెప్పారు. నవ్వొస్తే నవ్వండి. నేను మాత్రం పాతికేళ్లు నవ్వలేదు.

మా తాత ఒక రైసు మిల్లులో గుమాస్తా. మిల్లు గోడకు ఆనుకుని ఉన్న రెండు గదులూ ఒక వంటిల్లూ మా ఇల్లు. తలుపు తీస్తే ఎదురుగా గచ్చు, అంటే ఉడకబెట్టిన వడ్లు ఆరబోయడానికి వేసిన సిమెంటు నేల, మా బడి మైదానాలు రెండు పట్టేంత ఉండేది. పొద్దు పొడిచేసరికి పొగలు కక్కుతున్న వడ్లను తెచ్చి దాని మీద కుప్పలు పోసేవాళ్లు. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లు వాటిని పలచగా పరిచి, గంటకోసారి పాదాలతో సాళ్లు తీస్తూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేవాళ్లు, నడుస్తూ వాళ్ల భాషలో ఏదో పాడుకునేవాళ్లు. ఎండాకాలం ఆ గచ్చు మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. వానాకాలం మబ్బు పట్టిందంటే చాలు, చిన్నా పెద్దా తేడా లేకుండా పరదాలు పట్టుకుని ఉరికేవాళ్లం. చలికాలం పొద్దున గోరువెచ్చని వడ్ల కుప్పలోకి మోకాళ్ల దాకా కాళ్లు దూర్చి, కాల్చిన పల్లీలు ఒలుచుకు తింటుంటే ఆ సుఖం ముందు పరుపులూ దుప్పట్లూ ఎందుకూ పనికిరావు.

తాతకు శకునాల పిచ్చి. పంచాంగం చూడనిదే పళ్లు కూడా తోముకోడని మా అమ్మ చాటుగా అనేది. బాయిలర్ కింద ఊక అంటించడానికి కూడా మంచి ఘడియ చూసేవాడు. తుమ్ము వినబడితే లారీ కదలనిచ్చేవాడు కాదు, డ్రైవర్లు తిట్టుకుంటూ బీడీ ముట్టించుకునేవాళ్లు. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా మంచి ఎదురు ఉండాల్సిందే. ఎదురంటే, బయలుదేరేవాళ్లు గడప దాటే సమయానికి ఎదురుగా నిండు చెంబుతో ఒకరు నడిచి రావాలి. బయలుదేరేవాళ్లు ఆ చెంబులో రూపాయి బిళ్ల వేసి ముందుకు సాగాలి. ఆ పని నాది. నేను పుట్టిన వారానికే తాతకు గుమాస్తాగా పెద్ద పని దొరికిందట, అందుకని నా ఎదురు మంచిదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు, అందులో నీళ్లు, మెడకు పసుపు బొట్టు. దాన్ని రెండు చేతులా పట్టుకుని నడిచి వస్తుంటే పెద్దవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చేవాళ్లు. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకంటే గొప్ప ఏముంటుంది.

నేను ఎదురొచ్చిన ప్రయాణాలన్నిటిలోకీ పెద్దది సుగుణత్త ప్రయాణం. అత్త మా నాన్నకు చెల్లెలు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినా ఇక్కడ డాక్టరు సీటు రాకపోతే, కోదాడలో పిల్లల్ని రష్యా పంపే ఒక పెద్దమనిషి తాతను ఒప్పించాడు. మేము ఆయన్ను కోదాడ సారు అనేవాళ్లం. ఒప్పించాడనడం కూడా తప్పే. తాతే ఎగిరి గంతేశాడు. వడ్ల లారీ గేటు దాటితే చాలు, డ్రైవర్ని ఆపి మరీ, "మా బిడ్డ డాక్టర్ చదువుతున్నది, రష్యాల" అని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. అది కూడా రాయాలి, లేకపోతే అన్యాయం అవుతుంది.

ఏటా తొలకరి పడ్డాక అత్త వచ్చేది, శ్రావణం సగానికి వచ్చాక పోయేది. ఆ రెండు నెలలూ మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. సాయంత్రం వడ్లు కుప్పలకెత్తి పరదాలు కప్పాక, వేడి ఇంకా వదలని గచ్చు మీద చాప పరిచి, అత్త మొక్కజొన్న కంకులు కాలుస్తూ కథలు చెప్పేది. అన్నిట్లోకీ మాకు ఇష్టమైనది విమాన కంపెనీ కథ. మాస్కో వరకు పెద్ద విమానం, అక్కడి నుంచి వోల్గా ఒడ్డున ఉన్న ఆమె ఊరికి ఆ ఊరి కంపెనీ వాళ్ల చిన్న విమానం. దాని పేరు మా నోళ్లకు తిరిగేది కాదు. తోక మీద నీలం రంగు కొంగ బొమ్మ ఉంటుందట, అందుకని మేము దాన్ని కొంగ విమానం అనుకున్నాం.

దాని చరిత్ర అత్తకు హాస్టలు ఊడ్చే ముసలావిడ చెప్పింది. ఆవిడ మొగుడు ఆ కంపెనీలో మెకానిక్కు. ఒకప్పుడు ఆ దేశమంతటికీ సర్కారుదే ఒక్క విమాన కంపెనీ ఉండేదట. దేశం ముక్కలైన రోజుల్లో అన్నదమ్ములు వేరుపడ్డట్టు విమానాలు కూడా పంచుకున్నారట. ఆ వేళకు ఏ ఊళ్లో ఏ విమానం దిగి ఉంటే అది ఆ ఊరిదే. అలా అత్త చదివే ఊరికి కొన్ని ముసలి విమానాలు దక్కాయి, వాటి తోకలకు కొంగలు గీయించి, ఊళ్లోవాళ్లే పైలట్లై, ఊళ్లో ఆడవాళ్లే లోపలి కిటికీలకు తెరలు కుట్టి నడిపించారు. ఒకదాని సామాను పాడైతే ఇంకోదాన్నుంచి విప్పి బిగించేవాళ్లు. ఒక విమానమైతే ఎన్నడూ ఎగరకుండా గడ్డిలో నిలబడి మిగతావాటికి బోల్టులిస్తూ ఉండేదట. చలికాలం ఇంజన్లకు గొట్టాలతో వేడిగాలి ఊదితే కానీ అవి తిరిగేవి కావు. ఎక్కేవాళ్లు పిల్లుల్నీ, ఆపిల్ మొక్కల్నీ, ఆలుగడ్డ సంచుల్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎవరైనా పెద్ద ప్రొఫెసరు ఆలస్యమైతే విమానం ఆగేది, మన పల్లెబస్సు సర్పంచి కోసం ఆగినట్టు. చక్రాలు నేలకు తగలగానే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

లుద్మీల అనే ఆవిడ ఆ విమానంలో అందరికీ నీళ్లూ మిఠాయిలూ ఇచ్చేది. ఆవిడకు ఒక బంగారు పన్ను ఉండేదట. విమానం లేచేటప్పుడు చెవులు దిబ్బెళ్లు వేయకుండా పళ్లెంలో పాల చాక్లెట్లు పెట్టుకుని సీటు సీటుకూ వచ్చేది. అత్తంటే ఆవిడకు ప్రేమ, ప్రతిసారీ గుప్పెడు ఎక్కువిచ్చేది. అవే మాకు వచ్చేవి. కొంగ బొమ్మ కాగితం విప్పితే మీగడ కాగిన వాసన. చప్పరిస్తే చాలాసేపు కరిగేది కాదు. కాగితాలు నేను రెండో తరగతి లెక్కల పుస్తకంలో దాచుకున్నాను.

అక్కడివాళ్ల శకునాలు కూడా అత్త చెప్పేది. ప్రయాణానికి ముందు అందరూ సామాన్ల పక్కన ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారని, బయలుదేరేటప్పుడు ఎవరైనా ఆడమనిషి ఖాళీ బకెట్టుతో ఎదురొస్తే వెనక్కి తిరిగి పోతారని. మేము పడీ పడీ నవ్వాం. తాత మాత్రం ముక్కుపొడి పీల్చడం ఆపి, "సూసినవా, ఏ దేశమైనా పెద్దల మాట పెద్దల మాటే" అన్నాడు. తనను కట్టేయడానికి తాడు తానే పేనుతున్నానని అత్తకు ఆ రోజు తెలియదు.

ఆఖరి ఏడాది ఒక్కటి మిగిలింది. ఆ శ్రావణంలో ఇల్లంతా ప్రయాణం వాసనలే. నానమ్మ సకినాలు చుట్టింది, అమ్మ మామిడికాయ తొక్కు సీసాలకు మూతలు బిగించి బట్టలు కట్టింది, వేయించిన కారప్పొడి ఘాటుకు మిల్లు లోపలిదాకా తుమ్ములు వినబడ్డాయి, ఆ తుమ్ములు లెక్కలోకి రావని తాత ముందే ప్రకటించాడు. నడిగూడెం నుంచి ఒక సంబంధం వచ్చిందని, అబ్బాయికి మంచి పొలం ఉందని, వాళ్లకు పెళ్లి తొందరగా కావాలని ఆ నెలంతా పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. "ఇంకొక్క ఏడాది ఆగమను నాయినా, డాక్టర్నై వస్త" అని అత్త అనడం కూడా విన్నాను. తాత దానికి అవుననలేదు, కాదనలేదు.

ప్రయాణం రోజు పొద్దున నన్ను కొత్త గౌనులో, నిండు చెంబుతో, గచ్చుకు ఆ కొసన నిలబెట్టారు. దుర్ముహూర్తం దాటాక తాత చెయ్యి ఊపితే నడిచి రావాలి. ఎంతసేపటికీ చెయ్యి ఊపడు. ఎండ ఎక్కుతోంది. మిల్లు పిల్లలు నలుగురు నా చుట్టూ చేరి ఖాళీ గోనెసంచుల మీద వరసగా కూర్చున్నారు. అది మా రోజూ ఆటే. సంచులు సీట్లు, గచ్చు విమానం దిగే రోడ్డు, నేను లుద్మీలను. "అక్కా, నీళ్లు" అన్నాడు ముందు సీటువాడు. లుద్మీల అడిగినవాళ్లకు నీళ్లివ్వకుండా ఉంటుందా. దోసిళ్లు పట్టారు, పోశాను. వెనక సీటువాళ్లకూ పోశాను. విమానం దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే తాత చెయ్యి ఊపాడు.

నేను నడిచాను. ఖాళీ చెంబును కూడా రెండు చేతులా, నిండు చెంబును మోసినంత జాగ్రత్తగా మోసుకుంటూ నడిచాను. అత్త నా ముందుకు వచ్చి చెంబులోకి తొంగి చూసింది. నవ్వు ఆపుకుంటూ, "నీళ్లేవే కోడలా" అని నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది. వెనక నుంచి తాత, "బిళ్ల ఎయ్యి బిడ్డా, యాళ్ల దాటుతది" అన్నాడు. అత్త నాకు కన్ను కొట్టి, వీలైనంత మెల్లగా రూపాయిని జారవిడిచింది. ఇత్తడి ఠంగుమని మోగింది. ఆ మోత గచ్చు దాటి మిల్లు గోడకు తగిలి మళ్లీ వినబడింది.

నానమ్మ నా నెత్తిన మొట్టిన మొట్టికాయ గురించి రాయను, అది ఎంతసేపు. అత్తను వెనక్కి తీసుకుపోయి, కాళ్లు కడిగించి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ బయలుదేరదీశారు. దోషం పోయిందన్నారు. తొమ్మిది గంటల బస్సు మాత్రం పోయింది. నేను ఏడుస్తుంటే అత్త నన్నూ సూర్యాపేట దాకా తీసుకుపోతానని పట్టుబట్టింది. దారిపొడుగునా నేను ఆమె ఒళ్లో కూర్చున్నాను. తాత కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, నాన్న ఆయన పక్కన కూర్చున్నాడు.

రష్యా పోయే పిల్లలంతా సూర్యాపేట బస్టాండు దగ్గర కలిసి హైదరాబాద్ పోవడం పద్ధతి. మేము దిగేసరికి కోదాడ నుంచి వచ్చిన ముగ్గురు అబ్బాయిలు పెట్టెల మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నారు. కోదాడ సారు మమ్మల్ని చూసి చేతి రుమాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "చిన్న ఇబ్బంది వచ్చిందండి" అన్నాడు. "మాస్కో నుంచి వీళ్ల ఊరికి వెళ్లే విమానాలు ఆగిపోయాయంటండి. కంపెనీయే మూసేశారంట. పొద్దున్నే ఫోనొచ్చింది. ఓ పది రోజులు ఓపిక పట్టండి, దారి చూసి నేనే వచ్చి చెప్తాను."

తాత ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కాకి వాలడం, తాటిపండు రాలడం అనే సామెత మా తాతకు తెలియక కాదు, మాకు నేర్పిందే ఆయన. కానీ ఆ పూట ఆయనకు కాకి కావాల్సి వచ్చింది. "ఖాళీ చెంబు ఆ దేశంల గూడ అరిష్టమేనని నువ్వే చెప్తివి గద బిడ్డా" అన్నాడు అత్తతో, బస్టాండులో అందరి ముందూ. అత్త నా చెయ్యి వదల్లేదు కానీ ఆ చెయ్యి చల్లబడడం నాకు తెలిసింది.

ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు ఖాళీ చెంబు. వడ్లు తిప్పే మంగ్లి ఒక్కతే, తలకు చుట్టిన గుడ్డ విప్పి దులుపుతూ, "సిన్న పోరి సెంబుకు ఆకాశంల తిరిగే ఇమానం ఆగుతదా సారూ" అని తాతను అడిగింది. కూలి పని చేసే ఆమెకు ఉన్న తెలివి పంచాంగం చదివే ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది. పది రోజుల తర్వాత కోదాడ సారు నిజంగానే వచ్చాడు. అత్త ఆ రోజు ఇంట్లో లేదు, వేములపల్లిలో చుట్టాల ఇంటికి పంపారు. నన్ను వంటింట్లోకి తోశారు, వచ్చిన మనిషి తిరిగి పోయేటప్పుడు నేను ఎదురు పడకూడదు కదా. మిల్లు మోతలో వాళ్ల మాటలు వినబడలేదు. కిటికీలోంచి చూస్తే ఆయన తల అడ్డంగా ఊపుకుంటూ పోవడం కనబడింది.

కార్తీకంలో అత్త పెళ్లి నడిగూడెం అబ్బాయితో అయింది. అప్పగింతల వేళ నేను రోలు వెనక కూర్చుని ఉన్నాను. పెళ్లికూతురు వంటింట్లోకి వచ్చిందని బయట గొడవ. అత్త వంగి నా గుప్పిట్లో మిగిలిన కొంగ చాక్లెట్లు పెట్టి, గుప్పిలి మూసి పోయింది. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కోపమే అనుకున్నాను. ఆ తర్వాత నాన్న ఊరికి పోతున్నా, తమ్ముడు పరీక్షకు పోతున్నా, "దాన్ని లోపలికి పంపుండ్రి" అన్న మాట వినబడేది. పదో తరగతి దాకా మా ఇంట్లో ఎవరు గడప దాటినా నేను వంటింట్లోనే ఉన్నాను. తర్వాత ఎవరూ పంపకపోయినా నేనే పోయేదాన్ని. నా పెళ్లయ్యాక కూడా, మా ఆయన ఆఫీసుకు బయలుదేరితే ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి నడిచేదాన్ని. చదువుకున్నదాన్ని, పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. సిగ్గుగా ఉంది రాయడానికి.

అత్త మొగుడు మంచివాడే. నాలుగేళ్ల క్రితం గుండెపోటుతో పోయాడు. నడిగూడెంలో అత్తను సగం డాక్టరమ్మ అంటారు. ఒంట్లో బాగాలేనివాళ్లు ముందు ఆమె దగ్గరికే వస్తారు. ఆమె నాడి పట్టి, కళ్ల రెప్పలు దించి చూసి, ఏ డాక్టరుకు చూపించుకోవాలో చీటీ మీద రాసి కోదాడ పంపుతుంది. సూది మాత్రం వేయదు. "నాకు పట్టా లేదు" అంటుంది. వాళ్లు ప్రేమగానే అంటారు సగం డాక్టరమ్మ అని. వినలేక నేను లేచి అవతలికి పోతాను.

పోయినేడు నాకు కోదాడకు బదిలీ అయింది. బస్టాండు పక్క జిరాక్సు కొట్టులో కాగితాలు తీయిస్తుంటే, కౌంటరు వెనక ముసలాయన నన్నూ నా కాగితాల మీది ఇంటిపేరునూ మార్చి మార్చి చూశాడు. "మిర్యాలగూడ మిల్లు గుమాస్తాగారి తాలూకా అండి?" అన్నాడు. అవునన్నాను. ఆయన మొహం విప్పారింది. "సుగుణగారు ఇప్పుడు ఏ ఆసుపత్రిలో చేస్తున్నారండి?"

కోదాడ సారు. నేను విషయం చెప్పాను. ఆయన జిరాక్సు మిషను ఆపేశాడు. "అదేంటండి. నేను మీ ఇంటికొచ్చి మరీ చెప్పాను కదండి. విమానం లేకపోతే ఏమైందండి, మాస్కో నుంచి ఆ ఊరికి రైలుంది. మిగతా ముగ్గురూ ఆ రైల్లోనే వెళ్లి చదువు పూర్తి చేశారు. మీ తాతగారేమో, పసిపిల్ల ఖాళీ చెంబుతో ఎదురొచ్చింది, దేవుడే వద్దంటున్నాడు అన్నారు. మీ నాన్నగారు కూడా అక్కడే ఉన్నారు."

రైలుంది. రైలు. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం కంచం పక్కకు జరిపాను. మా అమ్మాయి నిద్రపోయిందో లేదో కూడా చూసుకోకుండా ఫోనులో ఆ కంపెనీ చరిత్ర వెతికాను. దానిలో పనిచేసిన ముసలివాళ్లు ఒకచోట చేరి రాసుకున్న జ్ఞాపకాలు దొరికాయి, ఫోను వాటిని వంకర టింకరగా ఇంగ్లీషులోకి మార్చి చూపించింది. అత్త చెప్పిందంతా నిజమే. కొంగ ఉంది, తెరలు ఉన్నాయి, గడ్డిలో బోల్టులిచ్చే విమానం ఉంది. ఎందుకు మూతబడిందో కూడా రాశారు. విమానాలు ముసలివైపోయాయి, బాగుచేయడానికి సామాను దొరకలేదు, ఎక్కేవాళ్లు తగ్గారు, ఆయిలు పోసేవాడు అరువివ్వనన్నాడు, జీతాలు లేక పైలట్లు ఒక్కొక్కరే పెద్ద ఊళ్లకు పోయారు, చివరికి సర్కారు లైసెన్సు తీసేసింది. నేను చెంబు పట్టడానికి రెండేళ్ల ముందు నుంచే అది చావు బతుకుల్లో ఉంది. ఎంత కిందికి చదివినా ఆ కారణాల్లో మిర్యాలగూడ చెంబు లేదు. అడుగున ఒకాయన మామూలుగా రాసిన మాట ఒకటుంది: మా విమానాలు రాకముందూ జనం రైల్లోనే పోయారు, ఇప్పుడూ రైల్లోనే పోతున్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నాడు మా తాత. నడిగూడెం సంబంధం చేయి జారుతుందని భయం, ఐదేళ్లు దేశాలు తిరిగిన పిల్లను ఎవరు చేసుకుంటారని భయం. ఆ భయం పైకి చెప్పుకోవడానికి మీసం అడ్డొచ్చింది. అందుకని తొమ్మిదేళ్ల పిల్ల చెంబు దొరకబుచ్చుకున్నాడు. అడుగుదామంటే ఆయన లేడు, ఎన్నడో పోయాడు. నాన్నను అడిగాను. "నాయిన మాట గప్పుడు ఎవలు దాటుతరు బిడ్డా" అన్నాడు, పేపరు మీంచి తల ఎత్తకుండా. తిలాపాపం తలా పిడికెడు అంటారు. వీళ్లు పిడికెడు కూడా పంచుకోలేదు, మొత్తం తెచ్చి నా చెంబులో పోశారు.

మర్నాడే నడిగూడెం పోయాను. అత్త వాకిట్లో కూర్చుని గోంగూర ఆకు తెంపుతోంది. నేను రొప్పుతూ రైలు సంగతి చెప్పాను. ఆమె తలూపింది.

"నాకెర్కే. రైలున్నదంటే నాయిన ఇననేలేదు. పెండ్లైనంక ఆ పిల్లలల్ల ఒకడు ఉత్తరం రాసిండు, రైలెక్కినమని."

"ఎర్కైతే నాకెందుకు చెప్పలేదత్తా?"

"నీకేం చెప్పాలె?"

"నా చెంబు వల్లనే నీ చదువు ఆగిపోయిందని ఇన్నేండ్లు..."

అత్త చేతిలో కాడ అట్లాగే ఉండిపోయింది. "నువ్వు గట్లనుకుంటున్నవా?" అంది. "నేనేమో గా బకెట్టు ముచ్చట నా నోటితోని చెప్పకపోతే మా నాయినకు ఆ మాట దొరకకపోవు గద అని ఏడ్సిన. నా నోరే నన్ను ముంచిందనుకున్న."

ఒకరికొకరం చెప్పుకోకుండా ఇద్దరు ఆడవాళ్లం పాతికేళ్లు ఒకే నేరాన్ని చెరో పక్కనుంచి మోశాం. ఆ నేరం చేసినాయన రోజూ మధ్యాహ్నం భోంచేసి హాయిగా కునుకు తీశాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం ఈ మాట రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

మొన్న ఆదివారం మిర్యాలగూడ పోయి నాన్న ఇంట్లో అటకమీది పాత చెంబు తెచ్చుకున్నది కూడా అందుకే. బుధవారం అత్త కూతురు కీర్తన ప్రయాణం. పెళ్లైన చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల, సూర్యాపేటలో డాక్టరు సీటు వచ్చింది. విమానం అక్కర్లేదు, ఆటో ఎక్కి బస్సెక్కితే చాలు. నేను మా తొమ్మిదేళ్ల అమ్మాయి నిత్యను తీసుకుని పొద్దున్నే నడిగూడెం చేరాను. గడప దగ్గర అత్త వాళ్ల అత్తగారు కుర్చీ వేసుకుని అంతా నడిపిస్తోంది. "సుగుణా, నువ్వు జర లోపలుండు, పిల్ల పోయేటప్పుడు నువ్వు ఎదురు రావద్దు" అంది. మొగుడు పోయిన మనిషి కదా. ఆరోగ్యం బాగాలేకపోతే ఆమె చెయ్యే కావాలి, ప్రయాణానికి మాత్రం ఆమె మొహం పనికిరాదు. అత్త వంటింటి వైపు నడిచింది. ఆ నడక నాకు బాగా తెలుసు. ముసలావిడ మా నిత్యను పిలిచి, నేను తెచ్చిన చెంబులోనే నీళ్లు నింపి దాని చేతిలో పెట్టింది. "నిండుగ పట్టుకో బిడ్డా, ఒలికిపోతే మంచిగుండదు."

నిత్య రెండు చేతులా చెంబు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. దాని వేళ్లు తెల్లబడ్డాయి. నేను పోయి ఆ చెంబు లాక్కుని, నీళ్లన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో గుమ్మరించాను. వంటింటి తలుపు దగ్గర నుంచి అత్త గొంతే ముందు వినబడింది. "నల్లా రాక రెండు రోజులాయె, నీళ్లు పారబోస్తవేందే" అంది.

ఖాళీ చెంబు ఆమె చేతిలో పెట్టాను. "నువ్వే ఎదురు పో అత్తా." ముసలావిడ ఏదో అనబోయింది, నా మొహం చూసి ఊరుకుంది. అత్త చెంబులోకి చూసింది, నన్ను చూసింది, కొంగు సవరించుకుని పెరటి దారిన చుట్టూ తిరిగి గేటులోంచి కూతురికి ఎదురుగా నడిచి వచ్చింది. కీర్తన వంగి చెంబులోకి చూసింది. ఆ పిల్లకు కథంతా తెలుసు. రూపాయి బిళ్లను కావాలనే ఎత్తు నుంచి వేసింది. ఠంగుమంది. ఆటో కదిలింది.

ఫోను కోసం ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్నాం. మా గచ్చు ఇప్పుడు లేదు, వడ్లు మిషన్లలో ఆరుతున్నాయి, మిల్లు ఉన్నచోట ఫంక్షన్ హాలు కట్టారు. కాళ్లతో సాళ్లు తీసే ఆడవాళ్లు ఏ పనికి పోయారో తెలియదు, మంగ్లి ఉందో లేదో తెలియదు. కొంగ విమానాలను తుక్కు కింద కోసి అమ్మేశారు, ఒక్కదాన్ని మాత్రం ఆ ఊరి పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి నిలబెట్టారట, ఫొటో చూశాను, తోక మీద రంగు పోయింది. లుద్మీల ఏమైందో ఆ ముసలివాళ్లు ఎవరూ రాయలేదు. కాగితాలు దాచిన లెక్కల పుస్తకం చెదలు తినేసింది.

గంటన్నర దాటాక కీర్తన ఫోన్ చేసింది. "చేరిన వదినా, రూం ఇచ్చిండ్రు." అత్త నా చేతిలోంచి ఫోను గుంజుకుని, "అన్నం తిన్నవా" అని ఒక్క మాట అడిగి, తిరిగి నాకిచ్చేసి లోపలికి పోయింది. ఎంతకీ రాకపోతే నేనే వంటింట్లోకి పోయాను. పొయ్యి దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, చెంబు బోర్లించి, నా గుప్పిట్లో ఆ రూపాయి పెట్టి గుప్పిలి మూసింది.

"గప్పుడే నీకియ్యాల్సింది. ఇగ మర్సిపో కోడలా."

నేను మర్చిపోనన్నాను. అత్త మళ్లీ మర్చిపొమ్మనలేదు.